లక్ష రూపాయల సంచి - నా అభిప్రాయం

మన పత్రికలో పండుగల గురించి, పింఛను కాగితాల గురించి, పిల్లల చదువుల గురించి చాలామంది రాస్తరు. నేను ఇయ్యాల ఆడవాళ్ల చేతి సంచుల గురించి రాస్తున్నాను. నవ్వకండి. మన ఇండ్లల్ల దీని మీద ఇప్పుడు నిజంగానే కొట్లాటలు అవుతున్నయి. మన సోలాపూర్ ఆడపిల్లలు పుణెకు, ముంబైకి, హైదరాబాదుకు కొలువులకు పోతున్నరు. దసరాకు ఇంటికొస్తే చీరల మాట తక్కువ, బ్యాగుల మాట ఎక్కువ. ఆ కంపెనీల పేర్లు మన నోటికి తిరగవు. ధర మాత్రం చెవిల పడంగనే గుండె ఆగినంత పని అవుతది. ఇరవై వేలు, నలభై వేలు, లక్ష, రెండు లక్షలు. ఒక సంచికి!

నాకు ఫ్యాషన్ తెలియదు. మునిసిపాలిటీ బడిల తెలుగు నాలుగో తరగతి దాకా చదివిన. కాని మిల్లుల వైండింగ్ ఖాతాలో పంతొమ్మిదేండ్లు కండెలు చుట్టిన. మిల్లు మూతపడ్డాక తువ్వాళ్ల కార్ఖానాలో పదహారేండ్లు అంచులు మడిచి కుట్టిన, లేబుళ్లు కుట్టిన. బట్ట, దారం, కుట్టు, లేబులు - ఈ నాలుగూ నాకు తెలుసు. సంచి అంటే ఈ నాలుగే గదా. అందుకే రాస్తున్నాను.

ముందు మన సంచుల సంగతి. మా అవ్వ నడుముకు చంచి ఉండేది. దాంట్ల ఆకులకు ఒక అర, వక్కలకు ఒక అర, సున్నం డబ్బీకి ఒకటి, పైసలకు లోపల ఇంకొకటి. తాడు చుట్టి బొడ్ల దోపుకుంటే పది మందిల పడి పోయినా ఒక్క వక్క కింద పడకపోయేది. మా అమ్మ బీడీలు చేసేది. చేసిన బీడీలు నలగకుండ బ్రాంచికి తీసుకపోవాలంటే అడుగు వెడల్పుగా, మూతి చిన్నగా ఉండే బట్ట సంచి కావాలె. అది ఆమెనే కుట్టుకున్నది. నాకు డబ్బా సంచి. గిన్నెల డబ్బా నిలబడాలె, పులుసు ఒలకకూడదు, చెయ్యి కొయ్యకూడదు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంచి. ఎవరూ దానిని డిజైన్ అనలేదు. కాని డిజైన్ అంటే అదే.

ఆ పెద్ద పెద్ద కంపెనీల కథ మా మనవరాలు ఫోన్ల చదివి వినిపిస్తే, అవి కూడ ఇట్లనే మొదలైనయని తెలిసింది. ఎర్మేస్ అని పారిస్ కంపెనీ ఉన్నది. 1837ల మొదలయ్యింది. అప్పుడు వాళ్లు చేసింది సంచులు కాదు, గుర్రాల పట్టెడలు, కళ్లేలు. లూయీ వ్యూటాన్ 1854ల ప్రయాణం పెట్టెలు చేసే దుకాణం పెట్టిండు. షానెల్ అనే ఆమె 1955 ఫిబ్రవరిల ఒక సంచి చేసింది, దాని పేరే 2.55. దానికి భుజానికి తగిలించుకునే గొలుసు పెట్టింది. అప్పటిదాకా దొరసానులు ఎక్కువగ చేతిల పట్టుకునే తిరిగేటోళ్లు. గొలుసు పెట్టంగనే రెండు చేతులూ ఖాళీ అయినయి. చేతులు ఖాళీ ఉండడం ఎంత సుఖమో మనకు వేరే చెప్పాలా? చంకల పిల్ల, చేతిల డబ్బా పెట్టుకొని షిఫ్టుకు ఉరికినోళ్లం.

ఇంకొక సంగతి మరీ నచ్చింది. జేన్ బర్కిన్ అని ఒక నటి, పాటగత్తె. చేతిల గడ్డి బుట్ట పట్టుకొని తిరిగేది. విమానంల పారిస్ నుంచి లండన్ పోతుంటే బుట్టల సామానంత కింద పడ్డది. పక్క సీట్లనే ఎర్మేస్ కంపెనీ పెద్ద జాన్ లూయీ డ్యూమా కూర్చున్నడు. పిల్లల తల్లికి పనికొచ్చే సంచి ఒక్కటి దొరకదని ఆమె అన్నది. ఆయన అక్కడనే, విమానంల వాంతి చేసుకునే కాగితం సంచి మీద బొమ్మ గీసిండట. 1984ల ఆ సంచి తయారయింది. దానికి ఆమె పేరే పెట్టిండ్రు - బర్కిన్. ఇప్పుడు ప్రపంచంల అన్నిటికంటె ఖరీదైన సంచులల్ల అదొకటి. దాని పుట్టుక చూస్తే ఏమున్నది? బాటిలు, గుడ్డలు, కాగితాలు ఒక్కతాన పట్టాలని అడిగిన తల్లి ఉన్నది.

కాబట్టి అందం విషయంల నా మాట ఇది. పని కోసం పుట్టిన సంచి ఎప్పటికీ బాగుంటది. గొప్ప కోసం పుట్టిన సంచి రెండేండ్లకు పాతబడతది. అద్దాల మేడల ఇప్పుడు చిన్న చిన్న సంచులు పెట్టి అమ్ముతున్నరు, ఫోను కూడ పట్టదు. దానిని సంచి అనడానికి నాకు నోరు రాదు.

సంచి నిండ కంపెనీ పేరు అచ్చువేయడం కూడ నాకు నచ్చదు. దానికి ఒక కారణం ఉన్నదని మాత్రం ఒప్పుకోవాలె. లూయీ వ్యూటాన్ పెట్టెలను అందరూ నకలు చేస్తుంటే, ఆయన కొడుకు జార్జ్ 1896ల తండ్రి పేరుల అక్షరాలు, పువ్వులు కలిపి ఒక డిజైను చేసిండు. దొంగ సరుకు ఆపాలని చేసిండన్నట్టు. ఇప్పుడు ప్రపంచంల అన్నిటికంటె ఎక్కువ నకలు అయ్యేటియల్ల ఆ డిజైనే ఒకటి! మన సోలాపూర్ చద్దర్ల మీద కూడ జకార్డుల కంపెనీ పేరు నేస్తరు, కాని ఒక మూలకు, పద్ధతిగా. చద్దరు కప్పుకున్నోడు పేరు కప్పుకున్నట్టు ఉండదు.

ఆ అక్షరాల సంచి గురించి ఇంకొక ముచ్చట. దానిని అందరూ తోలు అనుకుంటరు. ముంబైల ఉండే మా దూరపు చుట్టాలామె దగ్గర ఒకటి ఉంటే చేతిల పట్టుకొని చూశాను. పిడులు, అంచు పట్టీలు తోలువే. ఒళ్లు మాత్రం తోలు కాదు, బట్ట. నూలు క్యాన్వాసు బట్ట మీద ప్లాస్టిక్ పూత. లోపలి మూల దగ్గర వేలుతోటి ఒత్తి చూస్తే నేత తెలుస్తది. నేను చెప్తే ఆమె నమ్మలేదు, ఫోన్ల చూసుకున్నది, నిజమే అన్నది. లక్షన్నర పెట్టి కొన్నది నూలు బట్ట! పడుగు, పేక, మన చేతుల మీదుగ పోయిన సరుకే. ప్రాడా అనే ఇటలీ కంపెనీ కూడ 1984ల నైలాన్ బట్టతోటి వీపు సంచి చేసి, తోలు సంచులకు సమానంగ నిలబెట్టింది. దీంట్ల మోసం ఉన్నదని నేను అనను. గట్టి క్యాన్వాసు తేలికగ ఉంటది, వానకు ఆగుతది, ఏండ్లు నిలుస్తది. మనం బట్టను తక్కువ చేసి చూస్తం గదా, దొరలు చూడలేదు. అది గుర్తుపెట్టుకోవాలె.

మరి లక్షలు ఎందుకు? దీంట్ల రెండు భాగాలు ఉన్నయి. ఒకటి పని, ఒకటి పేరు.

పని సంగతి చెప్త. బర్కిన్ లాంటి సంచిని ఒక్క పనిమనిషే మొదలు నుంచి చివరిదాకా చేస్తడు. కుట్టు చేతి కుట్టు. గుర్రం జీను కుట్టే పద్ధతి. మైనం రాసిన నార దారం ఒక్కటే, దాని రెండు కొసలకు రెండు సూదులు. ముందు ఆరెతోటి రంధ్రం పొడిచి, ఒక సూది ఇటు నుంచి, ఒక సూది అటు నుంచి అదే రంధ్రంలకు పోతది. మిషిను కుట్టుల పై దారం, కింద దారం లోపల ముడిపడతయి. ఒక్కతాన తెగితే వరుసగ ఊడిపోతది. ఈ కుట్టుల ఒక దారం తెగినా రెండోది పట్టుకొని ఉంటది. ఇది విన్నప్పుడు నాకు మన మోచి గుర్తొచ్చిండు. మన బస్తీలల్ల తెలుగు మోచి కుటుంబాలు ఎన్ని లేవు? చెప్పుకు అట్ట వేసేటప్పుడు ఆయన చేసేది చూడండి. ఆరె, మైనం, దారం. చేతి పనిల తేడా ఉండవచ్చు, తోలుల తేడా చాలా ఉన్నది, కాని విద్య అదే. ఆ విద్యకు పారిస్‌ల గౌరవం ఉన్నది, చదువు చెప్పి నేర్పిస్తరు, నెల జీతం ఇస్తరు. మనకాడ ఎండల చెట్టు కింద కూర్చోబెట్టి పది రూపాయల కాడ బేరం చేస్తరు. చేతి కుట్టుకు నాలుగు పైసలు ఎక్కువ పెట్టుమంటే నేను కాదనను. పని తెలిసిన మనిషి ఎవరూ కాదనరు.

ఇగ రెండోది పేరు. దీని సంగతి లేబులు కుట్టినోళ్లకు బాగ తెలుసు. మా కార్ఖానాల ఒక్కటే సాంచా మీద దిగిన తువ్వాళ్లు, ఒక్కటే బరువు, ఒక్కటే నూలు. పొద్దుగాల వెయ్యి తువ్వాళ్లకు తెల్ల లేబులు కుట్టేది. మధ్యాహ్నం ఇంకో వెయ్యి తువ్వాళ్లకు బంగారు అక్షరాల లేబులు. తెల్లది మన బజారుకు, బంగారుది దేశం బయటికి. ధరల ఎంత తేడానో మాకు చెప్పకపోయేది, కాని అట్టపెట్టెల మీద అచ్చు చూసి తెలుసుకునేటోళ్లం. నాకు మాత్రం రెండింటికీ డజనుకు ఒక్కటే రేటు. సూది రెండింటికీ ఒక్కటే తీరుగ గుచ్చుకునేది. ఒక తువ్వాలకు, ఇంకొక తువ్వాలకు మధ్య తేడా నా వేళ్ల మధ్య పట్టే బొటనవేలంత గుడ్డముక్క. పేరు అంటే ఏందో నేను అక్కడ నేర్చుకున్నాను.

ఇది మన దగ్గరనే కాదు. 2024ల ఇటలీ దేశం మిలాన్ కోర్టు, డియోర్ కంపెనీకి సంచులు చేయించే అక్కడి శాఖను కొంతకాలం కోర్టు నిగరానీల పెట్టింది. కారణం ఏందంటే కింద గుత్తకు తీసుకున్న చిన్న కార్ఖానాలల్ల కూలీలతో చేయిస్తున్న తీరు. ఆ కాగితాలల్ల బయటపడ్డ లెక్క ఇది: దుకాణంల 2,600 యూరోలకు అమ్మే సంచి చేసినందుకు గుత్త కార్ఖానాకు ఇచ్చింది 53 యూరోలు. అప్పటి మన లెక్కల సుమారు 2 లక్షల 30 వేలకు అమ్మే సంచికి కూలి సుమారు 4,800 రూపాయలు. తోలు ఖర్చు దాంట్ల కలవలేదు, దుకాణం కిరాయి, జీతాలు, ప్రచారం వేరే ఉంటయి, అది న్యాయంగ చెప్పాలె. కంపెనీ పద్ధతులు మార్చుకున్నాక 2025ల కోర్టు ఆ నిగరానీ తీసేసింది. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే పేరు ఎంత తింటదో, చెయ్యి ఎంత తింటదో అర్థం అవుతది.

మన ఇంటి పక్క సంగతి ఇంకొకటి. 2025 జూన్‌ల ప్రాడా కంపెనీ మిలాన్‌ల ఫ్యాషన్ షో చేసింది. మొగవాళ్ల కాళ్లకు వేసిన చెప్పులు అచ్చం కొల్హాపురి. వాటి ధర లక్షకు పైన అని పేపర్లల్ల వచ్చింది. కొల్హాపురి చెప్పులకు 2019లనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రల నాలుగు జిల్లాలు, కర్ణాటకల నాలుగు జిల్లాలు దాంట్ల ఉన్నయి. ఆ నాలుగుల మన సోలాపూర్ జిల్లా ఒకటి. మొదట కంపెనీ మన పేరే ఎత్తలేదు. ఇక్కడ గోల అయ్యాక, ఇవి భారతదేశం చేతిపని చెప్పులు చూసి చేసినవేనని ఒప్పుకున్నది. బజారుల వెయ్యి రూపాయలకు బేరం చేసి ఎనిమిది వందలకు అడిగే చెప్పు అక్కడ మెట్లెక్కంగనే లక్ష అయింది. చెప్పు మారలేదు, మెట్లు మారినయి.

ఇప్పుడు మా మనవరాలి సంగతి. ఆ పిల్ల పుణెల ఆఫీసుల పని చేస్తది. చద్దరు ముక్కతోటి నేను కుట్టిచ్చిన సంచి రెండేండ్లు వాడింది. ఒకరోజు ఆఫీసుల ఎవరో "ఏంది, భాజీ పిశివి తెచ్చినవు" అన్నరట. అందరూ నవ్విండ్రట. ఆమెకు 38 వేల బ్యాగు కావాలె, వాయిదాల మీద. ఇంట్ల అందరూ ఆమె మీద పడ్డరు. వాళ్ల నాయన "మిల్లు కూలీల పిల్లవు, గొప్పలు ఎందుకే" అన్నడు. ఆ మాట నాకు నచ్చలేదు. పిల్ల నా దిక్కు తిరిగి, "అమ్మమ్మా, అక్కడ ముందుగాల నన్ను చూడరు, నా చేతిల సంచి చూస్తరు" అన్నది.

ఈ మాట అబద్ధం కాదు. మిల్లుల షిఫ్టు విడిచినంక గేటు కాడ మమ్మల్ని వరుసల నిలబెట్టి సంచులు తెరిపించేటోళ్లు. డబ్బా మూత తీసి చూపించాలె. కండె ఏమన్న దాచినమా అని. పంతొమ్మిదేండ్లు రోజూ తెరిచి చూపించిన. ఆఫీసర్ల భార్యలు అదే గేటు నుంచి వచ్చేటోళ్లు, వాళ్ల సంచిని ఎవడూ తాకలేదు. ముంబై లోయర్ పరేల్‌ల ఫీనిక్స్ మిల్లు ఉన్న జాగల ఇప్పుడు పెద్ద మాల్ ఉన్నది. మిల్లు చిమ్నీ ఇంకా నిలబడే ఉన్నది, చుట్టూత అద్దాల దుకాణాలు. మనవరాలితోటి అక్కడికి పోయిన. లోపలికి పోయేటప్పుడు అందరి సంచులూ మిషిన్లకెల్లి పోతయి, నిజమే. కాని నాతోటి గార్డు "మౌసీ, సంచి ఇటు పెట్టు" అన్నడు, నా వెనకాల ఖరీదు బ్యాగు పట్టుకున్న ఆమెతోటి "మేడమ్, ప్లీజ్" అన్నడు. వాడు కూడ నా కొడుకు వయసోడే, మన అసొంటి ఇంట్ల పుట్టినోడే. వాడిని ఏమనాలె? లక్ష రూపాయలు పెట్టి చాలామంది కొనేది ఆ "ప్లీజ్" అనే మాట. దానిని ఉత్త గొప్ప అని కొట్టిపారేస్తే మన పిల్లలు పడే అవమానం మనకు అర్థం కానట్టే.

అందుకే నేను కొనొద్దు అనలేదు. లెక్క చెప్పిన. "నెలకు 3,200 వాయిదా అంటున్నవు గదా. అదే 3,200 బ్యాంకుల ఆర్డీ కట్టు. పన్నెండు నెలలకు 38,400 అయితది, పైన వడ్డీ నీకే వస్తది. అప్పటికీ మనసుల ఉంటే నగదు పెట్టి కొనుక్కో. నేనే వెంట వస్త" అన్నాను. పిల్ల ఒప్పుకున్నది. ఇప్పటికి ఏడు నెలలు కట్టింది. బ్యాగు మీద మనసు పోలేదు, కొంటనే అంటున్నది. కొనుక్కోనియ్యండి. సంపాదించుకున్న పిల్ల. అప్పుల మాత్రం పడొద్దు. నడుమ కొలువు పోతే వాయిదా ఆగదు, ఇంటి కిరాయి ఆగదు. మిల్లు మూతపడ్డ ఏడాది మన చాళ్లల్ల ఏమయిందో చూసినోళ్లం మనం.

కొందరు దుకాణందార్లు, బ్యాగు కూడ బంగారం లెక్కనే ఆస్తి అంటున్నరు. జేన్ బర్కిన్ వాడిన మొదటి సంచి 2025 జులైల పారిస్ వేలంల 86 లక్షల యూరోల దాకా పలికింది, మన లెక్కల 80 కోట్ల పైన. అది నిజమే. కాని అది ఆమె వాడిన సంచి, లోకంల ఒక్కటే ఉన్నది. నలభై వేల బ్యాగు దుకాణం మెట్లు దిగంగనే పాత బ్యాగు అయితది. మా గొలుసు ఎన్నిసార్లు బ్యాంకుకు పోయి వచ్చిందో మీకు తెలుసు, పెండ్లికి, దవాఖానకు, ఫీజులకు. ఏ బ్యాంకన్నా సంచిని కుదువ పెట్టుకున్నదా? సంచి వాడుకోవడానికే, దాచుకోవడానికి కాదు.

ఇంక నకలు సంచులు. "ఫస్ట్ కాపీ" అని మూడు వేలకు, నాలుగు వేలకు అమ్ముతున్నరు. అట్ల అమ్ముడు నేరం. అది పక్కన పెట్టినా, నాకు అదే అన్నిటికంటె నష్టం బేరం. అసలుదాంట్ల పేరుకూ పైసలు, పనికీ పైసలు. నకలుల పైసలు పేరుకే, పని ఏమీ ఉండదు. అదే మూడు వేలకు పేరు లేని మంచి తోలు సంచి ముంబై ధారావిల దొరుకుతది. అక్కడి గల్లీలల్ల తోలు పని పెద్ద ఎత్తున నడుస్తది.

ఏ సంచి కొన్నా ఇట్ల చూడండి. బయట కాదు, లోపల తిరగేయండి. అస్తరు బట్టను వేళ్ల మధ్య లాగి చూడండి, కుట్టు కాడ దారాలు జరిగి సందులు పడితే ఆరు నెలలు ఆగదు. పిడి కలిసే జాగల కుట్టు రెండుసార్లు తిప్పి ఉన్నదా చూడండి, సంచి చిరిగేది అక్కడనే. అంగుళానికి ఎన్ని కుట్లు ఉన్నయో లెక్కపెట్టండి, అన్నీ సమానంగ ఉండాలె. మూలల కాడ తోలు అంచు కోసి వదిలిపెట్టిండ్రా, మడిచిండ్రా చూడండి. జిప్పును పదిసార్లు నడిపించండి. ఖాళీ సంచి ఎత్తి చూడండి, ఖాళీదే బరువుంటే నింపినంక భుజం పోతది. చివరికి లేబులు చూడండి.

మన కుట్టు పని చేసే అక్కలకు ఒక మాట. చద్దరు ముక్కలతోటి, తువ్వాలు ముక్కలతోటి మంచి సంచులు కుడుతున్నరు. ఎగ్జిబిషన్లల్ల ఎవరో నూటయాభైకి కొని, తమ లేబులు వేసి ఎనిమిది వందలకు అమ్ముకుంటున్నరు. ఇగనన్నా సంచి లోపల మీ పేరు, మీ ఊరు పేరు దారంతోటి కుట్టండి. గుత్తకు ఇచ్చేటప్పుడు గుడ్డ ధర వేరే, దారం ధర వేరే, మీ గంటల కూలి వేరే రాసి చూపించండి. ధర చెప్పేటప్పుడు తల దించుకోకండి. వచ్చే బతుకమ్మకు మన మహిళా మండలి కాడ ఒక బల్ల వేసి ఈ సంచులు పెడదాం అనుకుంటున్నం. కుట్టినోళ్లు ఎవరైనా తేవచ్చు. నేను కూడ ఆరు కుట్టి తెస్తున్నాను, ఒక్కొక్కటి 450 రూపాయలు, బేరం లేదు.